నాపరాయి మీద ఎక్కని పేర్లు

తాండూరులో రాయికి కొదవలేదు. వూరి చుట్టూ గనులు, రోడ్డుకు ఇరువైపులా బండలు కోసే మిషన్లు, పాలిషింగ్ యూనిట్లు. ఆ దుమ్ము చెట్ల ఆకుల మీద, పనివాళ్ల తలల మీద ఒకటే రంగులో పేరుకుని వుంటుంది. ఇక్కడి నాపరాయి దేశమంతా పోతుంది. ఇళ్లకు గచ్చవుతుంది, అరుగులవుతుంది, గోడలవుతుంది. శిలాఫలకాలు కూడా అవుతుంది. ఫలానా మంత్రివర్యుల అమృతహస్తాలతో శంకుస్థాపన అని చెక్కించి, ఆ తరువాత పని మొదలు కాకున్నా, రాయి మాత్రం ఎండకూ వానకూ నిలబడి వుంటుంది. మా కాలమ్ చదివేవాళ్లకు ఇటువంటి రాళ్లు తమ తమ వూళ్లలోనే రెండు మూడు కనిపిస్తాయి.

మేము వెతుకుతూ పోయింది వేరే రాయి కోసం. పరాయి దేశపు యుద్ధంలో చచ్చిపోయిన మన ప్రాంతపు సిపాయి పేరు ఈ వికారాబాదు, తాండూరు పట్టున ఎక్కడైనా రాతి మీద వుందా అని అడుగుతూ తిరిగాము. గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం వున్నది. మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ వందలాదిమందిని పంపిన వూరది, అక్కడ స్మారక స్తూపం వుంది. ఇక్కడ అటువంటిది మా కంటబడలేదు.

ఒక పాలిషింగ్ యూనిట్ దగ్గర నడివయసు పనివాడొకాయన మా ప్రశ్న విని నవ్వాడు.

"లడాయిల సచ్చినోళ్ల పేర్లా సారూ? గనిల సచ్చినోళ్ల పేర్లే ఎవలు రాసిండ్రు? మీరు వాటి సంగతి అడుగుతున్రు."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. కానీ ఆయనే కాసేపటికి అన్నాడు: "మొన్న పట్నం పిలగాడు రష్యాల సచ్చిపోయె గదా. గాయన సిపాయి లెక్కనా, కైకిలోని లెక్కనా?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచే పుట్టింది.

ఆయన అడిగిన యువకుడి మరణం 2024 మార్చి 6న లోకానికి తెలిసింది. మాస్కోలోని భారత రాయబార కార్యాలయం తానే ప్రకటించింది. హైదరాబాదు బిడ్డ, ముప్ఫై ఏళ్లవాడు, భార్యా ఇద్దరు పసిపిల్లలూ వున్నవాడు. పేరు పత్రికలన్నిటిలోనూ వచ్చింది. ఆ పిల్లలు పెరిగి పెద్దయ్యేది ఈ వూళ్లలోనే కనుక మేము మళ్లీ రాయడం లేదు. 2023 చివరలో రష్యాకు పోయాడు. పోయేటప్పుడు సైన్యంలో చేరుతున్నానని అనుకోలేదు. హెల్పరు పని అన్నారు, కాపలా పని అన్నారు. యూట్యూబులో వీడియోలు పెట్టి, దుబాయిలో కూర్చుని మనుషులను ఏరిన ఏజెంట్లు అక్కడ యుద్ధం సంగతి కొంచెం, జీతం సంగతి ఎక్కువ చెప్పారు. అక్కడికి చేరాక రష్యన్ భాషలో వున్న కాగితం మీద సంతకం. చదవరాని కాగితం మీద సంతకం పెట్టడమంటే మన రైతుకు కొత్త కాదు. షావుకారు దగ్గర పెట్టిన వేలిముద్రల చరిత్ర మనకు వున్నది. కాకపోతే ఆ కాగితం భూమిని పట్టుకుపోయేది, ఈ కాగితం మనిషినే పట్టుకుపోయింది.

తరువాత కొద్దిరోజుల తర్ఫీదు. ఆ మీదట వుక్రెయిన్ సరిహద్దు. అంతకు ముందు ఫిబ్రవరి 21న సూరత్ కుర్రవాడొకడు, ఇరవై మూడేళ్లవాడు, డ్రోన్ దాడిలో చనిపోయాడు. ఇటువంటివాళ్లు అక్కడ వున్నారని దేశానికి తెలిసింది ఆ రోజుల్లోనే. సి.బి.ఐ. కేసు పెట్టింది మార్చిలో. ఏడు నగరాల్లో సోదాలు జరిగాయి. చచ్చిన తరువాత సోదాలు.

సరిహద్దు పక్కనే

ఇది పట్నం సంగతి, తాండూరుకేమిటి అనుకోవద్దు. ఆ రోజుల్లోనే అక్కడ చిక్కుబడిన వాళ్లలో నారాయణపేట యువకుడొకడు, కలబురగి ప్రాంతపు యువకులు ముగ్గురు వున్నారు. తాండూరులో నిలబడి చూస్తే ఒక పక్క నారాయణపేట, ఇంకో పక్క కలబురగి. 1956లో రాష్ట్రాల పునర్విభజన దాకా తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలోవే. గీత గీసి వేరుచేశారు గానీ ఇప్పటికీ ఇటు పిల్లనిచ్చి అటు పిల్లను తెచ్చుకుంటారు, బజారులో ఒకే మాటలో తెలుగూ కన్నడమూ ఉర్దూ మూడూ దొర్లుతాయి. ఆ నలుగురూ 2024 సెప్టెంబరులో ప్రాణాలతో తిరిగివచ్చారు. ఇంట్లోవాళ్లు తొమ్మిది నెలలపాటు కనపడిన ప్రతి నాయకుడి గుమ్మం తొక్కారు. జూలైలో ప్రధాని మాస్కో పోయినప్పుడు ఈ విషయం పుతిన్ దగ్గర ఎత్తాడు. ఆ తరువాత గానీ విడుదలలు జోరందుకోలేదు.

2025 జనవరి 17న విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ఇది: రష్యా సైన్యంలో చేరిన భారతీయులు 126 మంది. తిరిగివచ్చినవాళ్లు 96. ఇంకా అక్కడ వున్నవాళ్లు 18. ఆ పద్దెనిమిదిలో 16 మంది జాడ తెలియదని రష్యా అప్పుడు అన్నది. చనిపోయినవాళ్లు 12. ఆ లెక్క చెప్పింది కేరళ త్రిస్సూరు యువకుడొకడు చనిపోయిన వార్త వచ్చిన వారంలోనే. ఆ తరువాత కూడా కొత్తగా చేరినవాళ్ల పేర్లు బయటపడుతూనే వచ్చాయి.

ఏజెంట్లు మనిషికి మూడు లక్షల దాకా పుచ్చుకున్నట్టు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. మూడు లక్షలంటే ఎంతో మన లెక్కలో చూద్దాం. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, బజారులో ఆ పేరుకు విలువ పెరిగింది. మంచిదే. 2023-24లో కందికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,000 రూపాయలు. మూడు లక్షలు కావాలంటే నలభై మూడు క్వింటాళ్లు అమ్మాలి. వానమీద ఆధారపడ్డ చేనులో ఎకరానికి నాలుగు క్వింటాళ్లు పండాయనుకున్నా దాదాపు పదకొండెకరాల పంట. విత్తనం, మందు, కైకిలి, కౌలు ఏదీ తీయకుండానే. భూమి లేని కూలీ లెక్క ఇంకా తేలిక. అదే సంవత్సరం తెలంగాణలో వుపాధి హామీ రోజు కూలి 272 రూపాయలు. మూడు లక్షలకు పదకొండు వందల మూడు రోజులు పని చెయ్యాలి. ఏడాదికి నూరు రోజులు పూర్తిగా దొరికినా పదకొండేళ్లు. పదకొండేళ్ల కూలి ముందే తెచ్చి ఏజెంటు చేతిలో పెట్టాలంటే అది మిత్తికి తెచ్చిన సొమ్మే అవుతుంది. మిత్తి నెలనెలా నడుస్తుంటే కుర్రవాడు అక్కడినుంచి "అమ్మా, ఇది పని కాదు, యుద్ధం" అని ఫోను చేసినా తిరిగి రమ్మనడానికి ఇంట్లోవాళ్లకు నోరెట్లా వస్తుంది?

చట్టం ఏంచేస్తున్నది అని అడిగేవాళ్లు వుంటారు. పది చదవనివాళ్లు గల్ఫు వంటి పద్దెనిమిది దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వం అనుమతి ముద్ర కావాలి. ఆ ముద్రకు కాగితాలు చూపాలి, యజమాని ఎవరో చెప్పాలి. అందులోనూ దొంగదారులు వున్నాయి, అది వేరే సంగతి. ఆ పద్దెనిమిది దేశాల జాబితాలో రష్యా లేదు. అంటే ఏ అధికారీ "ఎందుకు పోతున్నావు నాయనా" అని అడిగే పనే లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫు దేశాల్లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు అయిదు లక్షలు ఇస్తామని వుత్తర్వు తెచ్చింది. ఎంతోమంది పోరాడితే వచ్చిన వుత్తర్వు అది. అందులోనూ గల్ఫు దేశాల పేర్లే వున్నాయి. రష్యాలో చచ్చినవాడు ఆ లెక్కలోకీ రాడు, ఇక్కడి సైన్యంలో అమరుడి లెక్కలోకీ రాడు.

అరవై లక్షల కథ

వికారాబాదుకు ఆ పేరు పెట్టింది వికారుల్ ఉమ్రా పేరు మీద. పైగా అమీరు, నిజాముకు దగ్గర చుట్టం, 1893 నుంచి 1901 దాకా దివాను. ఫలక్‌నుమా కట్టించింది కూడా ఆయనే, కట్టి అప్పులపాలయ్యాడంటారు. అంత అప్పు చేసినా అమీరు అమీరే. మన దగ్గర ఎకరం తాకట్టుపెట్టినవాడే బికారి.

ఆయన దివాను కావడానికి ఆరేళ్ల ముందు, 1887లో, మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లీషు సర్కారుకు అరవై లక్షల రూపాయలు ఇస్తానన్నాడు. ఎందుకు? వాయవ్య సరిహద్దు కాపాడుకోవడానికి. ఎవరి నుంచి? రష్యా నుంచి! అప్పట్లో జారు సేనలు ఆఫ్ఘనిస్థాన్ అంచు దాకా వచ్చాయని ఇంగ్లీషువాళ్లకు బెంగ. ఆ బెంగకు హైదరాబాదు రైతు పన్ను మందయింది. ఆ ప్రస్తావన నుంచే సంస్థానాలు తమ ఖర్చుతో పటాలాలు పెంచి ఇంగ్లీషు రాణి సేవకు సిద్ధంగా వుంచే పద్ధతి పుట్టింది. ఇంపీరియల్ సర్వీస్ దళాలంటారు. హైదరాబాదు లాన్సర్లు ఆ పద్ధతిలో వచ్చినవాళ్లే. నూట ముప్ఫై ఏళ్లకు పైగా గడిచాక అదే గడ్డ మీది పిల్లలు రష్యా తరఫున కందకాలు తవ్వారు. ఎదురుగా వున్నది ఎవరో ఆ రోజూ తెలియదు, ఈ రోజూ తెలియదు.

1914లో ఆ లాన్సర్లను ఓడలెక్కించారు. ఈజిప్టులో సూయజ్ కాలువ దగ్గర కాపలా, ఆ తరువాత పాలస్తీనాలో యుద్ధం. మైసూరు, జోధపూరు లాన్సర్లతో కలిసి ఒకే బ్రిగేడు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం మీద గుర్రాలతో దాడి చేసి గెలిచిన బ్రిగేడు అదే. ఆ దాడిలో ముందున్నది జోధపూరు, మైసూరు దళాలు. ఢిల్లీలో తీన్‌మూర్తి అని వినే వుంటారు. 1922లో నిలిపిన ఆ మూడు కంచు విగ్రహాలు ఈ మూడు సంస్థానాలకు గుర్తు. అందులో ఒకడు మన హైదరాబాదు సిపాయి. 2018 జనవరిలో ఇజ్రాయెల్ ప్రధాని వచ్చినప్పుడు ఆ చౌరస్తాకు హైఫా పేరు కూడా తగిలించారు. సిపాయి వూరి పేరు తగిలించాలని ఎవరికీ తోచలేదు.

ఇందులో మనం నిజం దాచుకోనక్కరలేదు. నిజాం పటాలాల్లో తెలుగు పల్లె రైతుకూలీలు ఎక్కువమంది లేరు. ముసల్మానులు, రాజపుత్రులు, సిక్కులు, అరబ్బులు, రొహిల్లాలు ఎక్కువ. మన పల్లెలు యుద్ధానికి మనిషి రూపంలో కాక గింజ రూపంలో, పన్ను రూపంలో ఇచ్చాయి. మొదటి యుద్ధంలో నిజాం సొమ్ముతో ఇంగ్లీషు వైమానిక దళంలో ఒక స్క్వాడ్రనుకు హైదరాబాదు పేరు పెట్టారు. రెండో యుద్ధంలో మరి రెండింటికి. 1918లో ప్రభువుకు కొత్త బిరుదులు వచ్చాయి, విశ్వాసపాత్రుడైన మిత్రుడన్నారు. విశ్వాసం ఖరీదు చెల్లించింది ఎవరో బిరుదు పత్రంలో వుండదు.

రెండో యుద్ధంలో ఆ ఖరీదు లెవీగా వచ్చింది. ధాన్యం సర్కారుకు కొలవాలి, వాళ్లు చెప్పిన ధరకు. దేశ్‌ముఖుల గాదెలు నిండుగానే వున్నాయి, లెక్కలు రాసే పట్వారీ వాళ్లవాడే కనుక. పేదరైతు ఇంట్లో తిండిగింజలు కూడా వూడ్చుకుపోయారు. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగిన నాటికి లెవీ, వెట్టి ఈ రెండు మాటలే పల్లెల నోట వున్నాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగాడు. యూరపులో, మలయాలో జరిగిన యుద్ధపు బరువు కడవెండి దాకా ఎట్లా వచ్చిందో చెప్పేటందుకు ఇంతకన్నా వేరే దారి లేదు.

మలయా అన్నాము కనుక అది కూడా చెప్పాలి. 1941 డిసెంబరు 8న జపాను సేనలు కోటా బారు దగ్గర ఒడ్డెక్కినప్పుడు అక్కడి విమానాశ్రయానికి కాపలా వున్నది హైదరాబాదు సంస్థానపు పదాతి పటాలం. ఆ గందరగోళంలో పటాలం చెదిరిపోయింది, వాళ్ల కర్నలు హెండ్రిక్స్ ప్రాణం పోగొట్టుకున్నాడు. గెలుపు కాదు కనుక ఎవరూ చెప్పుకోరు. మా దృష్టిలో అదే ఎక్కువ చెప్పుకోవలసిన కథ. తమది కాని దేశంలో, తమది కాని యజమాని కోసం, తమకు తెలియని శత్రువు ఎదుట, అర్ధరాత్రి వానలో నిలబెట్టిన మనిషి పారిపోతే అతన్ని పిరికివాడనే హక్కు ఎవరికున్నది? 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. వేలమంది భారతీయ సిపాయిలు ఖైదీలయ్యారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, కొందరు జపాను చెరలో ఆకలితో పోయారు.

వాళ్ల పేర్లైనా మిగిలాయా అంటే, సింగపూరులో క్రాంజీ స్మారకం మీద కొన్ని మిగిలాయి. మొదటి యుద్ధం వాళ్ల సంగతి మరీ అన్యాయం. యుద్ధ సమాధులు చూసే ఇంగ్లీషు కామన్‌వెల్త్ సంస్థ తానే 2021 ఏప్రిల్‌లో ఒక నివేదికలో ఒప్పుకున్నది. ఆసియా, ఆఫ్రికా వాళ్లు 45 వేల నుంచి 54 వేల మందిని తెల్లవాళ్లతో సమానంగా స్మరించలేదట. కనీసం 1,16,000 మందిని, బహుశా మూడున్నర లక్షల దాకా, పేరుతో స్మరించనే లేదట. తప్పు ఒప్పుకోవడానికి నూరేళ్లు పట్టింది.

మనవాళ్లే పంపినప్పుడు

పరాయి పాలన పోయాక ఈ బాధ పోయిందనుకుంటే 1987 వచ్చింది. జూలై 29న కొలంబోలో ఒప్పందం, ఆ మరుసటి రోజే భారత సేన జాఫ్నాలో దిగింది. మొదట దిగింది సికింద్రాబాదులో వుండే 54వ డివిజను. శాంతి కాపాడడానికని పోయినవాళ్లు అక్టోబరు నాటికి యుద్ధంలో వున్నారు. 1990 మార్చిలో తిరిగివచ్చేసరికి సుమారు పన్నెండు వందలమంది లేరు. చివరి దళాలు మద్రాసు రేవులో దిగితే తమిళనాడు ముఖ్యమంత్రి స్వాగతానికి పోలేదు. ఆయన కారణాలు ఆయనకున్నాయి. ఓడ దిగిన సిపాయికి మాత్రం ఏ కారణమూ ఎవరూ చెప్పలేదు.

మా కార్యకర్తల్లో కొందరు అడుగుతారు: ఇవన్నీ దొరల యుద్ధాలు, మనకెందుకు వీళ్ల స్మరణ? అటువంటి మాట మేమూ ఒకప్పుడు అన్నాము. ఇప్పుడు అనము. యుద్ధం దొరదే కావచ్చు. ఒంటిమీద బట్ట కోసం యూనిఫారం తొడుక్కున్నవాడు దొర కాదు. 2022 జూన్ 17న సికింద్రాబాదు స్టేషనులో కాల్పులు గుర్తున్నాయి గదా. నాలుగేళ్ల అగ్నివీరు పద్ధతి వద్దు, పాత పద్ధతిలో వుద్యోగం ఇవ్వండి అని వచ్చిన పిల్లల్లో వరంగల్ ప్రాంతపు రైతుబిడ్డ ఒకడు తూటాకు బలయ్యాడు. ఫౌజులో చేరనివ్వండి అని అడిగి చచ్చినవాడు ఒకడు, ఫౌజు అని చెప్పకుండా తీసుకుపోతే చచ్చినవాడు ఇంకొకడు. ఇద్దరూ వెతుక్కున్నది నెల జీతం.

అందుకే పాలిషింగ్ యూనిట్ దగ్గర ఆయన అడిగినదానికి మా జవాబు, ఆలస్యంగానైనా, ఇది: ఆ యువకుడు కైకిలోడే. కైకిలోడిగా పోయి సిపాయిగా చచ్చాడు.

ఈ జవాబు ఆయనకు చెబుదామని సాయంత్రం మళ్లీ పోయాము. మిషను ఆగింది, ఆయన కాళ్లూ చేతులూ కడుక్కుంటున్నాడు. మేము చెప్పింది విని ఏమీ అనలేదు. తువ్వాలతో మొహం తుడుచుకుని జేబులోనుంచి ఫోను తీశాడు.

"సారూ, మీరు సదువుకున్నోళ్లు. జర గిది సూడున్రి. మా పెద్ద పిలగానికి ఎవలో పంపిండ్రు. నౌకరీ అంటున్రు. రెండు లక్షలు కట్టమంటున్రు. మా బామ్మర్ది ఇస్తనన్నడు."

చూశాము. ఇంగ్లీషులో వుంది. దేశం పేరు రష్యా కాదు. కంపెనీ పేరున్నది గానీ చిరునామా లేదు. పని ఏమిటో రాయలేదు, "అన్ని రకాల సహాయ పనులు" అన్నట్టుగా వుంది. వీసా మాత్రం సందర్శకుల వీసా. అంటే చుట్టపుచూపుగా పోయేవాళ్లకిచ్చేది, దాని మీద పనికి పోకూడదు.

పంపవద్దని చెప్పాము. సర్కారు దగ్గర నమోదైన ఏజెంటా కాదా ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చని, జిల్లా కలెక్టరేటులో అడగవచ్చని, కాంట్రాక్టు కాగితం మనకు తెలిసిన భాషలో ఇచ్చేదాకా పైసా కట్టవద్దని చెప్పాము. బావమరిది డబ్బుకు మిత్తి ఎంత అని కూడా అడిగాము.

"నూటికి మూడు రూపాలు," అన్నాడు. "ఇంటోడు గదా, తక్కువకే ఇస్తున్నడు."

పిలగాడితో మాట్లాడతామన్నాము. పట్నం పోయిండు సారూ, ఫోటోలు దిగనీకి, పాస్‌పోర్టుకు అన్నాడు. నంబరు ఇచ్చాడు. రైలెక్కే లోపల మూడుసార్లు చేశాము. మోగింది గానీ ఎత్తలేదు. వికారాబాదు దాటాక నాలుగోసారి ఎత్తాడు. పేరు చెప్పుకుని సంగతి మొదలుపెట్టేసరికి, "నాయన చెప్పిండా? ఆగున్రి సారూ, ఏజెంటు అన్న ఎదురుంగనే ఉన్నడు, మల్ల చేస్త" అని పెట్టేశాడు.

ఈ వ్యాసం అచ్చుకు పోయే రోజు పొద్దున అతను తానే ఫోను చేశాడు. డబ్బు ఇంకా కట్టలేదన్నాడు. ఆదివారం తాండూరు వస్తున్నాడట, కాగితాలన్నీ తెస్తానన్నాడు. మేమూ పోతున్నాము.